గుడ్డ కట్టిన సొరకాయ

మా ఇంటి పై వాటాలో ఉండే పెద్దమ్మ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. ఆ ఉదయం యూనివర్సిటీలో రెండో క్లాసు ముగించి బయటికి వస్తుంటే అటెండరు ఎదురొచ్చి, "మేడమ్, మీ ఇంటి కాడికెళ్లి కబురొచ్చింది. పైన ఉండే ముసలమ్మ పోయిందట" అన్నాడు. చేతిలో ఉన్న సుద్దముక్క ఎక్కడ పెట్టాలో తెలియక తార్నాక దాకా అలాగే పట్టుకుని నడిచాను. ఆమె ఎవరో మీకు తెలియదు. పత్రికలో పేరు పడేంత పని ఆమె ఏదీ చేయలేదు. డాబా మీద, డబ్బాల్లో, కూరలు పండించింది. నేను వృక్షశాస్త్రం చెప్పి జీతం తీసుకునేదాన్ని. మొక్కను బతికించడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అరవై ఆరులో మేము కోస్తా నుంచి వచ్చి ఆ ఇంట్లో కింది వాటాలో దిగాం. వాకిలంతా షాబాద్ బండలు. వెతికినా చెంబెడు మట్టి కనిపించేది కాదు. పైన మాత్రం కిరసనాయిలు డబ్బాలు, అంచులు పగిలిన కుండలు, టీ పొడి వచ్చే చెక్కపెట్టెలు, సగానికి కోయించిన తారు డ్రమ్ము. వాటిలో కొత్తిమీర, పుదీనా, మేము గోంగూర అనే పుంటికూర, మిరప, వంగ. డ్రమ్ములో సొరపాదు. మొదటి రోజు నేను మెట్లెక్కి "పిన్నిగారూ" అని పిలిస్తే ఆమె నవ్వేసింది. "గారు ఏంది బిడ్డా? నేనేమన్న ఆఫీసరునా? పెద్దమ్మ అను" అంది. ఆ రోజు నుంచి పెద్దమ్మే.

ఆమె పద్ధతులు ఆమెవి. వేలి కణుపుతో డబ్బాను కొట్టి, ఆ చప్పుడును బట్టి దానికి నీళ్లు కావాలో వద్దో చెప్పేది. ఉదయం బియ్యం కడిగిన నీళ్లు ఏ డబ్బాకు పోసిందో గుర్తుపెట్టుకుని మర్నాడు పక్కదానికి పోసేది. నాకూ ఒక పని అప్పగించింది. "మీ కాలేజిల గన్ని చెట్లున్నయి గదా. రాలిన ఆకులు సంచిల ఏస్కరా" అంది. రోజూ సాయంత్రం ఆకుల సంచీతో గేటు దాటే నన్ను చూసి మా విభాగంలో వాళ్లు పరిశోధన అనుకున్నారు. నేనూ కాదనలేదు. "డబ్బల చెట్టు పరాయి ఊర్లె ఉన్న మనిషి లెక్క బిడ్డా, నోరు తెరిచి అడగది. మనమే సూసుకోవాలె" అనేది ఆమె. కొత్తగా ఆ ఊరొచ్చిన నాకు ఆ మాట మొక్క గురించి అన్నట్టు అనిపించలేదు.

నేను చేసిన తప్పు చెప్పకుండా ఆమె గురించి రాయలేను. నిరుడు ఒక ఆదివారం మా విభాగాధిపతి భోజనానికి వస్తానన్నారు. రెండు రోజులుగా వాన, బజారులో కూర లేదు. పెద్దమ్మ పొద్దున్నే మౌలాలి గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లింది. "ఏం కావాల్నన్న తెంపుకో, నన్ను అడగకు" అని ఎప్పుడో చెప్పి ఉంది. పైకి వెళ్లి చూస్తే పాదు మొత్తానికి ఒకే ఒక్క సొరకాయ. లేతగా, నిగనిగలాడుతూ ఉంది. తొడిమెకు ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది. దిష్టి తగలకుండా కట్టిందనుకుని, పాపం పాతకాలం మనిషి అని నవ్వుకుని, కోసేశాను.

సాయంత్రం ఆమె రాగానే గిన్నెడు పులుసు గొప్పగా పైకి పట్టుకెళ్లాను. ఆమె గిన్నెలోకి చూసింది, పాదు వైపు చూసింది.

"గుడ్డ కట్టిన కాయనా?"

"అవును పెద్దమ్మా. దిష్టికి కట్టారు కదా?"

ఆమె గిన్నె అందుకుంది. పిట్టగోడకు ఆనుకుని కూర్చుని, ఆ పులుసంతా ఒక్క ముక్క వదలకుండా తిన్నది. "మంచిగ చేసినవ్ బిడ్డా" అంది. గిన్నె కడిగి ఇచ్చింది.

అసలు సంగతి ఆమె భర్త చెప్పారు. రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషి, పెద్దగా మాట్లాడరు. నన్ను మెట్ల దగ్గర ఆపారు. "అది విత్తనానికి ఇడిసిన కాయ బిడ్డా. ఎవ్వలు తెంపొద్దని గుడ్డ కడ్తరు. పోయిన వానలకు ఇంట్ల గింజలన్ని బూజు పట్టినయి. గా కాయకు బలం రావాల్నని మిగిలిన పిందెలన్ని గిల్లేసింది. మీ పెద్దమ్మ అమ్మగారి ఊరు ఆనకట్ట నీళ్లల్ల మునిగిపాయె. గాడికెళ్లి తెచ్చుకున్న గింజ అదొక్కటే."

ఇంట్లోకి వెళ్లి చెత్తబుట్ట బోర్లించాను. తొక్కల మధ్య గింజలు తెల్లగా, మెత్తగా, పాలు కారుతూ ఉన్నాయి. ముదరని గింజ మొలకెత్తదని ఏటా పాఠం చెప్పేదాన్ని. అయినా వాటిని ప్రయోగశాలకు తీసుకెళ్లి, గాజు పళ్లేల్లో తడి అద్దుడు కాగితం మీద పరిచాను. రోజూ క్లాసు కంటే ముందు వెళ్లి చూసేదాన్ని. వారానికి కుళ్లు వాసన వచ్చింది. నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

ఆ పాదు గింజలు అంతకుముందు ఆమె ఎందరికో పంచింది కదా, ఎవరినైనా అడగమన్నాను. "ఇచ్చింది ఎట్ల అడుగుతం బిడ్డా? వద్దు" అని తల అడ్డంగా ఊపింది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. చివరికి ఆమెకు చెప్పకుండా నేనే మెట్టుగూడ వెళ్లాను. అక్కడ రైల్వే క్వార్టర్లలో ఒకామె రెండేళ్ల క్రితం గింజలు తీసుకెళ్లిందని తెలుసు. నా తప్పంతా విన్నాక ఆమె నవ్వలేదు. గోడకు కొట్టిన పిడకల్లో ఒకదాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టింది. పురుగు పట్టకుండా పేడలో గుచ్చి దాచిన గింజలు మూడు ఉన్నాయి. "గివే ఉన్నయమ్మా. మొత్తం తీస్కపో. ఆమెకైతే ఇయ్యనా!" అంది. గంజి పెట్టిన చీరలో, ఒళ్లో పిడక పెట్టుకుని బస్సులో వచ్చాను. పక్కనామె లేచి వేరే సీటుకు వెళ్లింది.

పెద్దమ్మ పిడకను చాలాసేపు చేతిలో తిప్పి చూసింది. "అడిగినవా?" అంది.

"మీరు అడగరు కదా. నేను అడిగాను."

ఆమె కళ్లు తుడుచుకుంది. గింజలు తీసి తన డ్రమ్ములో పెట్టుకుంటుందనుకున్నాను. నా చేతికే ఇచ్చింది. "నువ్వు తెచ్చినవ్, నీ డబ్బల పెట్టు. నేను నీ తాన అడిగి తీసుకుంట" అంది. మూడు గింజల్లో ఒకటి మొలిచింది. మా మెట్ల పక్కన కిరసనాయిలు డబ్బా నుంచి తీగ పైకి పాకింది. మొదటి మంచి కాయకు గుడ్డ కట్టేటప్పుడు ముడి ఎంత వదులుగా ఉండాలో ఆమే చూపించింది. ఆ కాయ ముదరకముందే ఆమె వెళ్లిపోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ఏదైనా వదిలేస్తే మనిషికి కోరిక మిగిలిపోయిందంటారు. తెల్లవారగానే పెద్దాయన కత్తితో కిందికి దిగొచ్చారు.

"సొరకాయ పులుసంటే దానికి పానం. గా కాయ ఇయ్యి బిడ్డా."

ఆ ఇంటి వాళ్లకు నేను ఏనాడూ లేదని చెప్పలేదు. ఆ రోజు, "ఇవ్వను" అన్నాను. ఆయన కాయ వైపు చూశారు, దానికి కట్టిన గుడ్డ వైపు చూశారు. "నేను మరిసిన" అని, సంచీ తీసుకుని ముషీరాబాద్ బజారుకు వెళ్లారు.

డాబా మీద విస్తరి పెట్టారు. కాకి వచ్చింది. అన్నం తిన్నది, గారె ఎత్తుకెళ్లి మళ్లీ వచ్చి పప్పు తిన్నది. సొరకాయ పులుసు వైపు మాత్రం చూడలేదు. చుట్టాలు గుసగుసలాడారు. "ఏదో కోరికుండె ఆమెకు" అంది ఎవరో. ఇవ్వనన్నది నేనే కదా. కాకి రెక్కలు విదిల్చి ఎగిరిపోయింది.

పెద్దాయన నా పక్కకు వచ్చి కూర్చున్నారు.

"ఎట్ల ముట్టుకుంటది బిడ్డా? బజారు సొరకాయ మీ పెద్దమ్మ బతికున్నప్పుడు గూడ తినలే."

మూడు రోజులుగా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. ఆయన మాత్రం కొద్దిగా నవ్వుతున్నారు. అందరూ దిగి వెళ్లిపోయినా, ఎండ డాబా మీదికి పూర్తిగా ఎక్కేదాకా, విస్తట్లో మిగిలిపోయిన ఆ పులుసును చూస్తూ ఇద్దరం అక్కడే కూర్చున్నాం.