కండక్టరుగారికి తోడు

కండక్టరుగారికి ఒంటరిగా నడవాలంటే భయం. ఇసుకేస్తే రాలని బస్సులో జనాన్ని గదమాయిస్తూ ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి, గుండె ఆపరేషన్ అయ్యాక సొంత వీధిలో నాలుగడుగులు వేయాలంటే ఎవరో ఒకరు ఫోన్‌లో తోడుండాలట. ఆ ఎవరో ఒకరు తనే ఎందుకు కావాలో టైలరుకి అర్థం కాలేదు.

టైలరుకీ ఈమధ్యే బైపాస్ అయింది. ఆస్పత్రివాళ్ళు గుండె రోగుల ఫోన్ గ్రూపులో చేర్చారు. రోజూ నడవమని డాక్టరు చెప్పినా ఆయన గడప దాటలేదు. దారి మధ్యలో గుండె ఆగితే? పైగా ఛాతీ మీద కుట్లు ఇంకెవరో వేసినవి. "నా చేత్తో వేసినవైతే నమ్ముదును" అని భార్య దగ్గర సణిగేవాడు.

అలాంటివాడికి తెల్లారగానే వీడియో కాల్. తెరనిండా కండక్టరుగారి చెవి, అందులో వెంట్రుకలు. ముఖానికెదురుగా పట్టుకోండి మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా ఆయన ఫోన్‌ని చెవికే ఆనించేవారు.

"మాస్టారూ, బయల్దేరాను. భయంగా ఉంది. మాట్లాడుతూ ఉండండి."

మంచం మీంచి మాట్లాడితే ఆయనకి ధైర్యం చాలేది కాదు. పక్కన మనిషి నడుస్తున్నట్టు అడుగుల చప్పుడు వినబడాలట. టైలరు చెప్పులు రెండూ చేతులకి తొడుక్కుని నేలమీద టపటపలాడించాడు. వీధి చప్పుడు లేదేమిటని అడిగింది చెవి. తిట్టుకుంటూ వరండాలోకి, విసుక్కుంటూ గేటుదాకా, శాపనార్థాలు పెడుతూ వీధి చివరిదాకా వచ్చాడు టైలరు. ఫోన్ కట్టేసి పడుకుంటే ఇంటావిడ ఫోన్ మోగేది.

ఈ పిరికి మనిషితో ప్రాణం విసిగిపోయిందని భార్యతో మొరపెట్టుకుంటే, ఆవిడ చెప్పులు తెచ్చి ముందు పెట్టేది.

చెకప్ రోజున ఆస్పత్రి బెంచీమీద ఒక లెక్కల టీచరమ్మ నర్సు దగ్గర వాపోతోంది. గ్రూపులో ఎవరో కండక్టరట, సాయంత్రం ఆవిడ తోడు నడిస్తేగాని ఇల్లు కదలడట. పక్కనే భార్యతో కూర్చున్న టైలరు నోరు తెరిచాడు.

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆయనకి భయమేమిటండీ. ఆపరేషనై ఏళ్ళయింది, గుట్టలెక్కుతారు. కొత్తగా కోతపడ్డవాళ్ళు గడప దాటట్లేదని ఇంట్లోవాళ్ళు చెబితే, వాళ్ళకి ఫోన్ చేసి ఈయన భయపడతారు."

టైలరు ఇంట్లోవాళ్ళ వంక చూశాడు. ఆవిడ ఫ్యాను వంక చూస్తోంది.

మర్నాడు కండక్టరుగారిని కడిగి పారేద్దామనే అనుకున్నాడు. ఫోన్ మోగింది. చెవి.

"మాస్టారూ, మలుపులో కుక్కుంది. కాళ్ళాడటం లేదు."

నోటిదాకా వచ్చిన మాటని టైలరు మింగేశాడు.

"మీతో వేగలేక చస్తున్నా. నేనున్నాగా, పదండి" అన్నాడు, వీధిలోకి దిగుతూ.