నిద్ర పట్టని పిల్లతో చర్ల దాకా

ఉదయం ఆరున్నరకు ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాం, నేనూ మా అన్న కూతురు మౌనికా. ఇంటర్ చదివే పిల్ల. కోచింగ్ హాస్టల్లో చేరినప్పటి నుంచి నిద్ర లేదు. ఈమధ్య పిలిచినా పలకడం మానేసింది. డాక్టరమ్మ మందులు రాసి, కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉంచమన్నారు. దాని గది నేను చూశాను. కిటికీ తీస్తే పక్క మేడ గోడ. పిల్లల చూపు బయటికి పోతోందని ఆ కిటికీకి కూడా రేకు కొట్టించారు మహానుభావులు!

చర్ల వెళ్లేవారు నేరు బస్సు కోసం చూడకండి, భద్రాచలంలో మారడమే నయం. ఆడవాళ్లు ఆధార్ మరవద్దు. అది చూపిస్తేనే ఉచిత టికెట్, బతిమాలినా కండక్టర్ వినడు.

పక్క సీటులోని మణుగూరు ఆవిడ పిల్లకు జ్వరమా అని అడిగింది. సంగతి చెప్పాను.

"మా ఇంటి ముంగట రాత్రంతా బొగ్గు లారీలే. మా పిల్లగాడు గూడ నిద్రలేక ఊకె కోపం జేసేటోడు. అమ్మమ్మ ఊర్ల ఉంచినంక జర కుదురుకున్నడు," అంది.

కొత్తగూడెంలో దిగుతూ ఆవిడ మౌనిక ఒడిలో జామకాయ పెట్టింది. అది ఒడిలోనే ఉండిపోయింది.

భద్రాచలంలో ఇడ్లీ తిన్నాం, అంటే నేను తిన్నాను. అక్కడి నుంచి గుంతల రోడ్డు. మధ్యాహ్నానికి చర్ల చేరి, ఆటోలో ఊళ్లోకి వెళ్లాం.

మిరప కోతల కాలం. ఏటా మా అన్నవాళ్ల వాకిట్లోనే ఆడవాళ్లు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటారు. ఈసారి వాకిలి బోసిగా ఉంది. పిల్లకు ప్రశాంతంగా ఉండాలని మా వదిన వాళ్లను ఎదురింటికి పంపేసింది. లోపలి గది ఖాళీ చేయించి, కిటికీకి గోనెపట్టా కట్టింది. ప్రేమే, కాదనను. అయినా నాకు ఒళ్లు మండింది.

మౌనిక గడప దగ్గరే ఆగిపోయింది. పొద్దుటి నుంచి అది మాట్లాడిన మొదటి మాట అదే.

"గిది గూడ హాస్టలే గదమ్మా."

వదిన ముఖం పాలిపోయింది. పట్టా ఊడబీకి, ఎదురింటికి వెళ్లి అందరినీ పిలుచుకొచ్చింది. సాయంత్రం మౌనిక వాళ్ల మధ్య కూర్చుంది. ఎవరెంత ఆటపట్టించినా నోరు విప్పలేదు కానీ, చేతులు మాత్రం తాలు ఏరాయి. జామకాయ సగం తిన్నది.

మర్నాడు పొద్దున్నే నేను తిరుగుబస్సెక్కాను. మందులు వాడాలి, డాక్టరమ్మకు మళ్లీ చూపించాలి, ఒక్కరోజులో ఏదీ నయం కాదు. కానీ ఎదిగే పిల్లకు చుట్టూ మనుషుల అలికిడి కూడా కావాలని ఈ ప్రయాణంలో నాకు గట్టిగా తెలిసొచ్చింది.

దుమ్ముగూడెం దాటాక వదిన ఫోన్ చేసి గుసగుసగా మాట్లాడింది.

"సరోజా, పిల్ల వాకిట్ల మంచమేస్కొని ఇంక పండుకునే ఉన్నది. తాలు ఏరెటోళ్ల లొల్లి జూస్తే గింత. ఏం జేయాలె, లేపాల్నా?"

"లేపకొదినె. ఆళ్ల నోరు గూడ మూయించకు."

కండక్టర్ వచ్చి ఆధార్ అడిగాడు. కళ్లనిండా నీళ్లు, సంచిలో ఎంత వెతికినా నాకు కార్డు కనబడలేదు.