నీళ్ళ బెల్లు

అయిదో తరగతిలో నేను బాగా నేర్చుకున్న విద్య ఒక్కటే. నీళ్ళు తాగకుండానే తాగినట్టు కనబడటం. సీసా ఎత్తాలి, మూతి ఆనించాలి, గొంతును పైకీ కిందికీ ఆడించాలి, చివర్లో "హా" అని ఊపిరి వదిలి మూతి తుడుచుకోవాలి. ఆ చివరి "హా" చాలా ముఖ్యం. అది లేకపోతే టీచరమ్మ నమ్మదు. మా క్లాసులో ఆడపిల్లలందరికీ ఈ విద్య వచ్చు. ఎక్కాలు రాని పిల్లలకు కూడా ఇది మాత్రం బ్రహ్మాండంగా వచ్చేది.

మా బడి వేలూరులో, బాగాయం దగ్గర. మా సొంత ఊరు గుడియాత్తం. నాయన మేస్త్రి. కట్టుబడి పనులు వేలూరులో ఎక్కువ దొరుకుతాయని ఆ సంవత్సరం మమ్మల్ని తీసుకొచ్చి ఒక రేకుల ఇంట్లో పెట్టాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. బడివాళ్ళు తమిళంలో అన్న మాటల్ని ఇక్కడ నేనే తెలుగు చేసి చెబుతున్నాను, ఒక్క మాట తప్ప. అసింగం. అది తమిళ మాటే అయినా మా ఇళ్ళల్లో ఎప్పుడో తెలుగైపోయింది. అసహ్యమైతే ముఖం తిప్పుకుంటే సరిపోతుంది. అసింగమైతే ముక్కు కూడా మూసుకోవాలి. ఆ ఏడాది గురించి చెప్పడానికి నా దగ్గరున్న మాట అదే.

నీళ్ళ బెల్లు మా హెడ్మాస్టరమ్మ పెట్టింది. వేరే బడుల్లో పెడుతున్నారని ఎక్కడో విన్నదట. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గంట కొడతారు. పాఠం ఆపి అందరూ నీళ్ళు తాగాలి. బయటినుంచి ఎవరైనా పెద్దలు వచ్చిన రోజు వాళ్ళ ముందు ఇంకోసారి కొడతారు. వాళ్ళు ఫోన్లు తీసి ఫోటోలు పట్టుకునేవాళ్ళు. పిల్లల ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధ అని మెచ్చుకునేవాళ్ళు. హెడ్మాస్టరమ్మ కొంగు సర్దుకుని ముసిముసిగా నవ్వేది. తాగిన నీళ్ళు తర్వాత ఎక్కడికి పోతాయని ఆ పెద్దల్లో ఒక్కరూ అడగలేదు. మగపిల్లలు గోడ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. వాళ్ళకేం, ప్రపంచంలో ఉన్న గోడలన్నీ వాళ్ళవే.

ఆడపిల్లలకు ఒక పాత మరుగుదొడ్డి ఉండేది. తలుపు కింది సగం కుళ్ళి రాలిపోయింది. కొళాయి విరిగి ఎన్నాళ్ళయిందో. గుంట పైదాకా నిండి ఆరిపోయి, దాని మీద మళ్ళీ నిండి, పురుగులు గోడ దాకా పాకుతుండేవి. మొదటి రోజు తెలియక లోపలికి వెళ్ళాను. గుమ్మంలోనే వాంతి చేసుకున్నాను. ఇంటికెళ్ళి చెప్పులు కడిగి, మళ్ళీ కడిగి, చివరికి వాటిని ముట్టుకోవడానికే రోత పుట్టి మూలకు విసిరేశాను.

అందుకని అందరం బడి వెనక కంపచెట్లలోకి పోయేవాళ్ళం. జంటలుగా పోవాలి. ఒకరు కూర్చుంటే ఇంకొకరు కాపలా. కాపలా మనుషుల కోసం మాత్రమే కాదు, పందుల కోసం కూడా. మనం కూర్చోగానే అవి ముట్టెలు ఎత్తి గురగురమంటూ వచ్చేసేవి. లేచేదాకా కూడా ఆగేవి కావు. కాపలా ఉన్న పిల్ల పుల్ల పట్టుకుని తరమాలి. ఒకసారి నా వెనక వేడి ఊపిరి తగిలింది. నా స్నేహితురాలు పుల్ల పారేసి పరుగు. నేను సగంలో లేచి, తడిసిన లంగాతో క్లాసుకొచ్చి, సాయంత్రం దాకా బెంచీ మీంచి కదలకుండా కూర్చున్నాను. ఆ రోజు పాఠం పరిశుభ్రత.

ఆ మర్నాటినుంచి నేను బడిలో నీళ్ళు తాగడం మానేశాను. అమ్మ సీసా నింపి పంపేది. ఇంటికి నిండు సీసా తీసుకెళితే తిడుతుంది కాబట్టి, గేటు పక్కనున్న బొప్పాయి చెట్టుకు పోసేసేదాన్ని. నాలాగే చాలామంది పోసేవాళ్ళు. ఆ బడిలో ఆరోగ్యంగా పెరిగింది ఆ చెట్టే.

దీపావళి దాటాక నాకు మంట మొదలైంది. పొత్తికడుపు కింద కత్తి పెట్టి గీకినట్టుండేది. ఒంటికి ఉడుకు చేసిందని అమ్మ బొడ్డుకు ఆముదం రాసింది, మెంతులు నానబెట్టిన నీళ్ళు తాగించింది. జ్వరం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మందులు రాసి, పాప నీళ్ళు తాగదా అని అడిగింది.

"దినామూ సీసా కాళీ చేసుకోనే వస్తాదమ్మా" అంది అమ్మ, నా తరఫున గట్టిగా.

బయటికొచ్చాక నిజం చెప్పాను. పందుల సంగతి కూడా చెప్పాను. అమ్మ నడిరోడ్డు మీద ఆగిపోయింది. "ఛీ, అసింగం" అంది. తిట్టింది నన్నేమో అనుకున్నాను. ఇంటికొచ్చి నాయనతో చెబుతూ మళ్ళీ అదే మాట అన్నప్పుడు అర్థమైంది, నన్ను కాదని.

సరిగ్గా అప్పుడే ఎవరో దాత డబ్బిచ్చి, బడిలో ఆడపిల్లలకు కొత్త మరుగుదొడ్డి కట్టిస్తామన్నారు. నాయన వెళ్ళి ఆ పని అడిగి తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి నా తల నిమిరాడు. "ఇంగ నువ్వు పందులకి బయపడే పన్లేదమ్మా. నా బిడ్డ కోసరం కడతా ఉండా, సూడు" అన్నాడు.

ఆ కట్టుబడిని నేను రోజూ చూసేదాన్ని. వాకిలి నిలబెట్టే రోజున నాయన మంచి గడియ చూసుకుని వచ్చాడు. గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నవధాన్యాలు గుడ్డలో మూట కట్టి పైన వేలాడదీశాడు. మావాళ్ళకు వాకిలి నిలబెట్టడమంటే అదే. వంటగదైనా, పశువుల కొట్టమైనా, ఇంకేదైనా, వాకిలి వాకిలే. దానికి వేరే పద్ధతి ఉంటుందని నాయనకు తెలియదు. టీచర్లు చూసి పడీపడీ నవ్వారు. చిన్న క్లాసు పిల్లలు మాత్రం వరసగా వచ్చి ఆ గడపను తాకి కళ్ళకద్దుకుని వెళ్ళారు. నాకు సిగ్గూ వేసింది, గర్వంగానూ ఉంది.

పూత పూసిన తర్వాత గోడకు నీళ్ళు పట్టాలి. పొద్దునా సాయంత్రం తడపకపోతే సిమెంటు ఎండి పగుళ్ళిస్తుంది. పనివాళ్ళు వచ్చేదాకా ఎందుకని హెడ్మాస్టరమ్మ ఆ పని అయిదో తరగతికి అప్పజెప్పింది. నాయన మాకు ఎలా పోయాలో చూపించాడు. "పైనుంచి మెల్లింగా వదలండమ్మా. గోడ తాగల్ల. తాగకుంటే పగిలిపోతాది" అన్నాడు. మేము బకెట్లు మోసి గోడకు కడుపు నిండా తాగించాం. గోడ గుటగుటా పీల్చుకునేది. మధ్యలో నీళ్ళ బెల్లు మోగితే బకెట్లు దించి, సీసాలెత్తి, గాలి మింగి, "హా" అని మళ్ళీ బకెట్లు ఎత్తుకునేవాళ్ళం.

ప్రారంభోత్సవానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. రిబ్బను కట్టారు, మేళం పెట్టారు. మరుగుదొడ్డి ముందు కర్పూరం వెలిగించి దండం పెట్టిన మనిషిని నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. హారతి పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది నేనే, మేస్త్రి కూతురినని. ఫోటో తీశారు. ఆయన కారెక్కగానే హెడ్మాస్టరమ్మ తలుపు మూసి తాళం వేసింది. మేము గుంపుగా నిలబడి ఉన్నాం, పొద్దున్నుంచి ఆపుకుని.

"పిల్లలు వాడితే ఒక్కరోజులో అసింగం చేసేస్తారు. ఎవరైనా చూడటానికొస్తే ఏం చూపించాలి?" అంది.

రేపు తీస్తారనుకున్నాను. సంక్రాంతి సెలవులయ్యాక తీస్తారనుకున్నాను. తాళం తుప్పు పట్టడం మొదలుపెట్టింది గానీ తలుపు మాకోసం తెరుచుకోలేదు. మేము మళ్ళీ కంపచెట్లకూ పందులకూ వచ్చేశాం. నాకు మంట మళ్ళీ మొదలైంది.

నాయనను అడగమని ప్రాణం తీశాను. అతను నా ముఖం చూడకుండా అమ్మతో అన్నాడు. "కాంపౌండు గోడ పని కూడా నాకే ఇప్పిస్తానని చెప్పిండాది ఆయమ్మ. ఇప్పుడు బీగం మాట ఎత్తితే కోపం చేసుకుంటాది. గోడ అయిపోనీ, అడగతా."

నా కోసం కట్టిన మనిషి నా కోసం నోరు మెదపలేకపోయాడు. ఆ రాత్రి అతను ముద్ద కలిపి పెడితే తినలేదు. నాయన చెయ్యంటే కూడా రోత పుట్టింది నాకు. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ బాధగా ఉంటుంది, కానీ పుట్టింది.

ఏడాది చివరి పరీక్షలో ప్రశ్న వచ్చింది, నీరు ఎక్కువగా ఎందుకు తాగాలి అని. నీరు తాగితే రక్తం శుద్ధి అవుతుంది, మూత్రపిండాలు చక్కగా పనిచేస్తాయి అని నోరెండిపోతూ, తొడలు బిగబట్టుకుని, గుండ్రటి అక్షరాలతో రాశాను. ఒక్క ముక్క వదలలేదు.

పరీక్ష అయి బయటికొచ్చేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. కాంపౌండు గోడకు ఒక పక్క పూత అయిపోయింది. హెడ్మాస్టరమ్మ వరండాలో నిలబడి, అయిదో తరగతి పిల్లలు గోడకు నీళ్ళు పట్టి ఇళ్ళకు పోవాలని చెప్పింది. నాయన తాపీతో ఇంకో పక్క పూత పూస్తున్నాడు. నా చేతిలో బకెట్ పెట్టి, "పొయ్యమ్మా, ఎండ ఎక్కువుండాది, పగిలిపోతాది" అన్నాడు.

నేను బకెట్ ఎత్తి నేలమీద కొట్టాను.

"గోడ పగిలిపోతాదని నీళ్ళు పట్టమంటా ఉండావే నాయనా, మరి నేనో? నాకు మంట పుడతా ఉండాది. నీ గోడకుండే పాటి లేనా నేను?"

అరిచాను. పనివాళ్ళంతా మావాళ్ళే, తెలుగువాళ్ళే. అందరి చేతులూ ఆగిపోయాయి. పాప ఏమంటోందని హెడ్మాస్టరమ్మ వరండాలోంచి అడిగింది. నాయన తాపీ కింద పెట్టి, లుంగీకి చేతులు తుడుచుకుని, తాళంచెవి కావాలంటోందని తమిళంలో చెప్పాడు. అంతమంది ముందు కాదనలేక ఆవిడ తాళంచెవి తెచ్చి నాయన చేతిలో పడేసింది. "మీ పాపకు మాత్రమే. మిగతావాళ్ళకు అలవాటు చేయొద్దు" అంది.

తాళం తీయడానికి నాయనకే కష్టమైంది. తలుపు తోస్తే సగమే తెరుచుకుంది. లోపల విరిగిన కుర్చీలు, మైకు పెట్టె, సున్నం డబ్బాలు. గుంట మీద పాత కాగితాల బస్తా, అందులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. అన్నింటి మీదా చుట్ట చుట్టి నిలబెట్టిన, ప్రారంభోత్సవం ఫోటోతో తర్వాత వేయించిన ఫ్లెక్సీ. పిల్లలెవరూ కాలు పెట్టని గడప మీద పసుపు ఇంకా అలాగే ఉంది.

నాయన ఒక కుర్చీ తీసి బయట పెట్టాడు. ఇంకొకటి తీశాడు. బస్తా ఈడ్చాడు.

"మేస్త్రీ, అవన్నీ ఎందుకు? వెళ్ళి గోడ పని చూడు" అని హెడ్మాస్టరమ్మ కేక వేసింది.

"ఇదీ నా పనేనమ్మా" అన్నాడు నాయన, తెలుగులోనే. ఆవిడకు అర్థమైందో లేదో.

పనికొచ్చిన ఆడవాళ్ళు సిమెంటు గమేళాలు దించి వచ్చి చెయ్యేశారు. ఫ్లెక్సీని విప్పి వరండాకు ఆనించారు. అందులో పెద్దమనిషి, హెడ్మాస్టరమ్మ, పక్కన హారతి పళ్ళెంతో నేను, ముగ్గురం పళ్ళికిలిస్తున్నాం. గోడకు తెచ్చిన నీళ్ళతోనే నేల కడిగారు. ముందు నేను వెళ్ళాను. లోపల గడియ చక్కగా పడింది. గోడల మీద ఒక్క పగులు లేదు. అక్కడ కూర్చుని ఏడ్చాను. సంతోషంతో కాదు. ఇంత చిన్నదానికా ఇదంతా అని ఒళ్ళు మండి ఏడ్చాను. బయటికొచ్చేసరికి ఆడపిల్లలు వరస కట్టి నిలబడి ఉన్నారు, బొప్పాయి చెట్టు దాకా.

మిగిలిన కాంపౌండు గోడ పని మర్నాడే వేరే మేస్త్రికి పోయింది. మరుగుదొడ్డికి కొత్త తాళం పడిందని, పాతదానికన్నా పెద్దదని, పక్కింటి పిల్ల వచ్చి చెప్పింది.

సెలవులకు గుడియాత్తం బయలుదేరాం. బస్సు కదలబోయే ముందు నాయన దిగి, చల్లటి నీళ్ళ సీసా కొని తెచ్చి నాకిచ్చాడు. మంట పూర్తిగా తగ్గేదాకా బాగా తాగాలని ఆసుపత్రిలో చెప్పారు.

"తాగమ్మా. ఎండ మండిపోతా ఉండాది."

"నాయనా, బస్సు దోవలో యాడన్నా నిలుస్తాదా?"

"నిలవదు. ఏమ్మా?"

"ఏం లేదు" అన్నాను. సీసా ఎత్తి, మూతి ఆనించి, గొంతు ఆడించి, "హా" అని మూతి తుడుచుకుని అతని చేతికిచ్చాను. నాయన మూత పెట్టబోయి ఆగాడు. సీసాలో నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి.