మా నాన్న స్కూల్ గ్రౌండ్‌లో పేర్చిన గోడ

మా చిన్నప్పుడు గల్ఫ్‌లో, సలాలాలోని మా ఇండియన్ స్కూల్లో రిపబ్లిక్ డే రోజున, అందరి ముందూ మా నాన్న నా పరువు తీశాడు... ఇప్పుడు తలచుకున్నా ఒళ్ళు మండుతుంది.

నాన్న కార్గిల్‌లో యుద్ధం చేసిన జవాను. రిటైరయ్యాక సలాలాలో అరటితోట సూపర్‌వైజర్‌గా చేరాడు. తాతయ్య గుంటూరు నుంచి నిజామాబాద్ వైపు కాలువ కింద భూములకి వలస వచ్చిన మనిషి. ముళ్ళకంప కొట్టి, రాళ్ళేరి పొలం చేశాడు. ఏరిన రాళ్ళతో, మట్టి పెట్టకుండా గట్టు పేర్చడం నాన్నకి చిన్నప్పుడే చేతికొచ్చిందట.

నాకు ఇవన్నీ ఎందుకు? నాకు కావలసింది తుపాకీ కథ! క్లాసులో ఇర్ఫాన్ అని కడప అబ్బాయి ఉండేవాడు. "ఏంరా, మీ నాయన తోటలో గెలలు మోయిస్తాడు గదా. యుద్ధం ఎప్పుడు జేసినాడ్రా, కలలోనా?" అనేవాడు. క్లాసంతా నవ్వేది. పంతం పట్టి, ప్రిన్సిపాల్ మేడమ్‌తో చెప్పి నాన్నని పిలిపించాను.

వారం రోజులు బతిమాలాను... "నాన్నా, కాల్చింది చెప్పాలి. గట్టిగా చెప్పాలి."

"సర్లేరా, చూద్దాం."

చూశాం! మెడల్ కూడా తగిలించుకోకుండా వచ్చి, మైకు వదిలేసి గ్రౌండ్‌లోకి దిగాడు. రాళ్ళు పట్టుకురమ్మని పిల్లలకి ఫౌజీ హిందీలో ఆర్డరు! వాళ్ళకి పండగ. ఆయన గొంతుక్కూర్చుని, ఒక్కో రాయీ తిప్పి చూసుకుంటూ మోకాలెత్తు గోడ పేర్చాడు. ముఖ్య అతిథి వాచీ చూసుకుంటున్నాడు. చివరికి నన్ను పిలిచి, దాని వెనక బోర్లా పడుకోమన్నాడు.

"తల కనబడతందిరా. ఇంకా దించు."

స్కూలంతా విరగబడి నవ్వింది. నా ముక్కు నిండా దుమ్ము...

అప్పుడు ఇర్ఫాన్ లేచి తెలుగులోనే అడిగాడు, "అంకుల్, ఎంతమందిని చంపినారు?"

నాన్న చేతులు దులుపుకున్నాడు. "లెక్కపెట్టలా బాబూ. ఆ కొండ మీద తవ్వడానికి మట్టి ఉండదు. ఇట్టా రాళ్ళు పేర్చుకునే దాక్కోవాలి. ఆ రోజు గోడ పేర్చింది నేనే. మా బల్బీర్ పడుకున్న వైపు ఒక వరస తక్కువైంది. తొందరలో చూసుకోలా."

గోడ విప్పి, ఏ రాయి ఎక్కడిదో అక్కడ పెట్టొచ్చాడు, ఆటల్లో పిల్లలకి తగులుతాయని.

ఆ తర్వాత ఇర్ఫాన్ మళ్ళీ వెక్కిరించలేదు. నేనే మూర్ఖుణ్ణి, వారం రోజులు నాన్నతో మాట్లాడలేదు.

ఇప్పుడు నేనూ గల్ఫ్‌లోనే పని; ఇక్కడ అజైబాలో మా రూమ్‌లో రోజూ ఫోన్లలో వార్తలు చూస్తూ యుద్ధం. "ఒక్కసారి లేపేస్తే పీడ పోతదన్నా!" అంటాడు నిర్మల్ నుంచి వచ్చిన తమ్ముడొకడు, ఏసీ కింద మంచమ్మీద పడుకుని. పోయేది ఎవరి పిల్లలురా అని నేను గొంతు చించుకుంటాను. మొన్న విసిగిపోయి, ఊళ్ళో ఉన్న నాన్నకి ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టాను. "నాన్నా, నువ్వు చూసొచ్చినోడివి... వీళ్ళకి ఒక్క మాట చెప్పు."

"పొలానికి నీళ్ళు కట్టాలిరా, పెట్టేస్తన్నా" అన్నాడు.

ఏం మనిషండీ!

అప్పట్లో యుద్ధం చూసొచ్చినవాళ్ళు నోరు విప్పేవాళ్ళు కాదు... ఇప్పుడు చూడనివాళ్ళు నోరు మూయడం లేదు. మీ ఇళ్ళలోనూ ఇలాంటి మొండి మనుషులుంటే, వాళ్ళని ఎలా మాట్లాడించారో కాస్త రాయండి... బల్బీర్ ఎవరో, ఎక్కడివాడో, నాకింతవరకూ తెలీదు.