సుగుణక్క పళ్లెం

మొన్న ఆదివారం పీర్జాదిగూడలో, మా వీధి చివరి సెలూన్‌లో జుట్టుకు రంగు వేయించుకుంటున్నాను. ఉన్నట్టుండి ఒక ఘాటు వాసన ముక్కులోకి సూదిలా దిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మోనియా. రంగు డబ్బా మీద చూస్తే అమ్మోనియా లేదని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ కంపెనీకి రాయబోయే ఉత్తరంలో మొదటి మూడు వాక్యాలు అక్కడికక్కడే నా తలలో తయారైపోయాయి. నాలుగో వాక్యం దగ్గర సుగుణక్క అడ్డం వచ్చింది. "ముందుగాల ముక్కునడుగు" అనేది ఆమె. మెడకు కట్టిన గుడ్డతోనే లేచి, గిన్నెలో రంగు వాసన చూశాను. దానిది కాదు. పక్క కుర్చీ దగ్గర అద్దాలు తుడిచే సీసాది. "ఏమైందన్నా?" అని సెలూన్ అతను కంగారు పడ్డాడు. ఏం లేదని కూర్చున్నాను. సుగుణక్క పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ నా ఉత్తరాలకు ఇలాగే అడ్డం పడుతూ ఉంటుంది.

నాకు ఫిర్యాదులు రాసే అలవాటుంది. జనగామ వైపు నుంచి వచ్చి నాచారం షెడ్లలో ఎలక్ట్రీషియన్‌గా కుదిరిన రోజు నుంచి, నన్ను ఎవరు ఎక్కడ ఏమన్నారో చెప్పమంటే తడుముకోకుండా చెప్పగలను. సుగుణక్కతో నా పరిచయం కూడా అలాంటి ఒక మాటతోనే మొదలైంది. ఆమెకు ఉప్పల్‌లో, మెట్రో స్తంభాల వెనుక సందులో ఫ్రిజ్‌లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. అంతకు ముందు పదిహేడేళ్లు ఒక ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో, టెస్టింగ్ సెక్షన్‌లో పనిచేసిందట. ఫ్యాక్టరీ మూతపడ్డాక తనే దుకాణం పెట్టుకుంది. మా ఇంట్లో ఫ్రిజ్ చల్లబడకపోతే ఆమెను పిలిచాను. అంతకు ముందు వచ్చిన ఇద్దరు మెకానిక్‌లు ఏమేం పాడుచేశారో రెండు పేజీలు రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. మొత్తం చదివి వినిపించాను. ఆమె ఓపికగా విన్నది. తర్వాత ఫ్రిజ్ వెనుక చేయి పెట్టి, నా ముఖం చూసి, "తమ్మీ, నీ ఫ్రిజ్ కన్న నువ్వే ఎక్కువ వేడి మీదున్నవ్. దేన్ని ముందు బాగుజేద్దాం?" అంది. మెట్ల మీద నిలబడిన పక్కింటివాళ్లు నలుగురూ నవ్వారు. ఆమె ఫ్రిజ్‌ను గోడ నుంచి జానెడు ముందుకు లాగి, "గాలాడనియ్యి" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ సాయంత్రానికి ఫ్రిజ్ బాగైంది. నేను మాత్రం ఆ సందు మొహం చూడకుండా ఆరేళ్లు గడిపాను.

మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. కరోనా తర్వాత చాలామందికి కారు వెనుక ఇల్లు తగిలించుకుని ఊళ్లు తిరగాలనే సరదా పుట్టింది. నాచారంలో మా ఓనర్ అలాంటి ట్రైలర్లు కట్టించడం మొదలుపెట్టాడు. లోపల మంచం, చిన్న వంటగట్టు, ఒక ఫ్రిజ్. షెడ్డు ఒకప్పుడు లారీలు కడిగిన చోటు. కరెంటు పని నాది. మొదటి ట్రైలర్ సైనిక్‌పురిలో ఉండే ఒక రిటైర్డ్ మేజర్ గారు తీసుకున్నారు. ఆయన భార్య రోజూ ఇన్సులిన్ వేసుకుంటారు. దారిలో మందు చల్లగా ఉంచుకోవచ్చనే భరోసాతోనే ఆవిడ ప్రయాణాలకు ఒప్పుకున్నారట. సరిగ్గా ఆ ఫ్రిజ్జే చల్లబడలేదు. సోమవారం వాళ్లు నల్లమల వైపు బయలుదేరాలి. శుక్రవారం ఓనర్ షెడ్డులో ఆరుగురి ముందు నన్ను పిలిచి, "నీ వైరింగే గది. సోమవారం దాక చల్లబడకపోతే నీ పానాలు పట్కార్లు సదురుకొని పో" అన్నాడు.

వైరింగ్ మూడుసార్లు చూశాను. తప్పు లేదు. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో మాత్రం ఒక మాట దొరికింది: ఈ ఫ్రిజ్ పనిచేయాలంటే బండి సమంగా నిలబడి ఉండాలి. అది చూసుకోవడానికే ప్రతి ట్రైలర్ ముందు కమ్మీ మీద నీటిబుడగ ఉన్న చిన్న లెవెల్ బిళ్ల అంటిస్తాం. మేజర్ గారికి ఫోన్ చేస్తే, "బుడగ మధ్యలోకి వచ్చేదాకా నేను బండి దగ్గర నుంచి కదలను. ప్రతిసారీ" అన్నారు. నేను నమ్మలేదు. ఆయన బండిని వాలులో నిలిపి నా మీద నెపం వేస్తున్నారని నాలుగు పేజీల ఉత్తరం రాసి ఓనర్‌కు ఇచ్చాను. "ఫ్రిజ్ సంగతి తేలినంక పంపిద్దాం" అని ఆయన దాన్ని సొరుగులో వేశాడు. ఇలాంటి ఫ్రిజ్ తెలిసిన మెకానిక్ కోసం షెడ్లన్నీ అడిగాను. అందరూ ఒకే పేరు చెప్పారు. సుగుణక్క నన్ను చూడగానే గుర్తుపట్టింది. "గోడకానిచ్చిన ఫ్రిజ్ తమ్మివి కదా? ఇంకా వేడి మీదనే ఉన్నవా?" అంది. పళ్లు బిగించుకుని విషయం చెప్పాను.

శనివారం పొద్దున ఇద్దరం సైనిక్‌పురి వెళ్లాం. ఆమె సంచిలోంచి పనిముట్లేవీ తీయలేదు. ట్రైలర్‌కు ఫ్రిజ్ వెనుక వైపున్న గాలి జాలీ తెరిచి, కళ్లు మూసుకుని వాసన చూసింది. "అమ్మోనియా కారితే ముక్కు మంటెత్తాలె. కారుతలేదు. మంచిదే" అంది. ఆ ఫ్రిజ్‌ను ఇంటి కరెంటు మీద, బ్యాటరీ మీద, గ్యాస్ మీద మూడు రకాలుగా నడపవచ్చు. ఒక్కొక్కటీ కాసేపు నడిపించి, ప్రతిసారీ వెనుక గొట్టం మీద అరచేయి ఆనించింది. "మూడు దార్లల్ల వేడి వస్తున్నది. నీ వైరు మంచిగనే ఉంది, గ్యాసు మంచిగనే ఉంది." నా గుండె తేలికైంది. "గదే ఒక కాగితం మీద రాసియ్యి అక్కా" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది. "ఆగు జర. నీ వైరు మంచిదని చెప్పిన. ఫ్రిజ్ ఎందుకు చల్లబడ్తలేదో చెప్పిననా?" అంది. అప్పటిదాకా నాకు ఆ రెండూ ఒకే ప్రశ్న.

ఆ ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో ఆమె చెబుతుంటే ఉద్యోగం సంగతి కాసేపు మరిచిపోయాను. మన ఇళ్లలోని ఫ్రిజ్‌లా దానికి మోటార్ ఉండదు, చప్పుడుండదు. కింద చిన్న మంట వెలిగిస్తే పైన చలి పుడుతుంది. "మంట అమ్మోనియాను పైకి లేపుతది. లేపెటందుకు మంట ఉంది గని, కిందికి దింపెటందుకు ఎవ్వరు లేరు. దానంతల అదే జారుకుంట రావాలె. బండి ఒక దిక్కు ఒరిగితే ఆడనే నిలుస్తది, ఇగ చలి రాదు." నేను వెంటనే, "నేను గదే రాసిన అక్కా! సాబే బండి వంకర పెట్టిండు" అన్నాను. మేజర్ గారు మమ్మల్ని ముందు వైపుకు తీసుకెళ్లి, మోకాలు పట్టుకుని వంగి బిళ్ల చూపించారు. బుడగ గీసినట్టు మధ్యలో ఉంది.

సుగుణక్క బుడగ జోలికి పోలేదు. ట్రైలర్ గడపలో కూర్చున్న మేజర్ గారి భార్య, మేడం దగ్గరికి వెళ్లి, "అమ్మా, లోపల వంట జేస్తే ఏమేం అయితది?" అని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకున్నాను. మేడం నవ్వి, "ఏమైతది? టమాటలన్నీ తలుపు దిక్కే దొర్లుతయ్. రాత్రి నేను ఈయన మీదికి దొర్లుత. ఫోన్‌లో ఈ తమ్మికి కూడా చెప్పిన" అన్నారు. నిజమే, చెప్పారు. పనికిరాని మాట అనుకుని నేను ఉత్తరంలో రాయలేదు. అక్క సంచిలోంచి ఒక స్టీలు పళ్లెం తీసింది. ఫ్రిజ్ లోపల అడుగున పెట్టి గ్లాసెడు నీళ్లు పోసింది. ముగ్గురం తలలు ఆనించి చూశాం. నీళ్లు ట్రైలర్ తలుపు వైపు అంచుకు చేరి నిలబడ్డాయి. మిగతా సగం పళ్లెం పొడిగా ఉంది. బుడగ ఒక మాట, నీళ్లు ఒక మాట చెబుతున్నాయి. అక్క బయటికొచ్చి బిళ్ల అంచును గోటితో గీకింది. కింద ఒక పక్కన నల్లటి రబ్బరు ముక్క బయటపడింది. "గీ రబ్బరు ఎవరు వెట్టిన్రు?"

నేనే. షెడ్డులో ఆ బిళ్ల పెట్టిన రోజు బుడగ మధ్యలోకి రాలేదు. కమ్మీని వంకరగా అతికించాడని వెల్డర్‌ను తిట్టుకుంటూ, కింద రబ్బరు ముక్క పెట్టి బుడగను మధ్యకు తెచ్చి అంటించాను. బండి నిలబడిన నేల సమంగా ఉందా అని నాకు తట్టనేలేదు. రెండేళ్లు రోజూ సాయంత్రం ఆ షెడ్డు కడిగినప్పుడు, నీళ్లు వాటంతటవే వెనుక మోరీలోకి పరుగెత్తడం చూస్తూనే ఉన్నాను. లారీలు కడిగిన నేల వాలుగా కాక ఇంకెలా ఉంటుంది? ఫ్రిజ్‌ను బిగించక ముందు సమంగా ఉన్న బల్ల మీద పెట్టి పరీక్షించాం కాబట్టి అక్కడ చల్లబడింది. ఆ తర్వాత మేజర్ గారు ఎంత శ్రద్ధగా బుడగను మధ్యలోకి తెస్తే, బండి అంత కచ్చితంగా మా షెడ్డు వాలులో నిలబడింది.

మేజర్ గారు కారులో చెక్కలు వెతకడానికి వెళ్లినప్పుడు, "అక్కా, మా ఓనర్‌కు..." అన్నాను. "నేనెందుకు జెప్త? ఫ్రిజ్ కోసం వచ్చిన, ఫ్రిజ్ సూసుకొని పోత" అంది. పళ్లెంలో నీళ్లు పారబోస్తూ మళ్లీ అంది, "గని తమ్మీ, గా పెద్దమనిషి రోజు మోకాళ్లు నొస్తుంటె వంగి వంగి సూసిండు. నువ్వు వెట్టిన బుడగనే." నాలుగు పేజీల్లో ఆయన్ను అబద్ధాలకోరు అన్న చోట నేను కింద గీత కూడా గీశాను.

ఒక చక్రం కింద చెక్కలు పెట్టి, పళ్లెం నిండా నీళ్లు సమంగా పరుచుకునేదాకా సరిచేశాం. పైన నిలిచిపోయిన అమ్మోనియా కిందికి జారేదాకా అక్క ఫ్రిజ్‌ను కొన్ని గంటలు ఆపి ఉంచి, గ్యాస్ మీద వెలిగించింది. ఇక ఎదురుచూడటమే పని. ఆ మధ్యాహ్నం ఆమె తన ఫ్యాక్టరీ సంగతులు చెప్పింది. పదిహేడేళ్లు ఆమె పని ఒక్కటే, వరసలో వచ్చే ప్రతి ఫ్రిజ్ వెనుక అరచేయి పెట్టి చూడటం. "ముందట నిలబడి తిట్టెటోళ్లు మస్తు మంది. ఎనుక చెయ్యి వెట్టి సూసెటోళ్లే లేరు" అంది. సాయంత్రం ఆరింటికి నా చేయి పట్టుకుని వెనుక గొట్టాల మీద పెట్టించింది. పై నుంచి కింది దాకా ఒకే తీరుగా వెచ్చగా ఉన్నాయి. లోపల పళ్లెం అంచున మంచు తెల్లగా అంటుకుంది. మేడం వేలితో గీకి చూసి, ఇంట్లోకెళ్లి ఇన్సులిన్ డబ్బా తెచ్చి పెట్టారు.

అప్పుడు మేజర్ గారికి చెప్పాను. రబ్బరు ముక్క నాదేనని, ఉత్తరం కూడా రాశానని. ఆయన ట్రైలర్ లోపలున్న మేడం వైపు తిరిగి, "విన్నవా? నేను బండి సరిగ్గనే పెట్టిన! రెండు వారాల సంది చెప్తలేనా?" అని అరిచారు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. అది నా గొంతే. సోమవారం పొద్దున అదే ఆరుగురి ముందు సొరుగులోంచి నా ఉత్తరం తీసుకుని, చించి, జరిగింది చెప్పాను. "మంది తప్పులన్ని రాసినవ్, నీదొక్కటి ఇడిసిపెట్టినవ్" అన్నాడు ఓనర్. ఉద్యోగం తీయలేదు. షెడ్డులో మిగిలిన ట్రైలర్ల మీది బిళ్లలన్నీ పీకి మళ్లీ అంటించమన్నాడు. నాదొక్కటి విడిచిపెట్టానన్న ఆ మాటను మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.

బిళ్లలు సరిచేయడానికి సుగుణక్క పళ్లెం నా దగ్గరే ఉంచుకున్నాను. ఫ్యాక్టరీ చివరి రోజున తోటి ఆడవాళ్లు ఇచ్చిందట. అంచు మీద "సుగుణకు, టెస్టింగ్ సెక్షన్" అని చుక్కలతో చెక్కించారు. అడపాదడపా ఫోన్ చేసేది. "నా పళ్లెం ఏది తమ్మీ?" రేపు తెస్తానక్కా అనేవాణ్ణి. ఈలోగా నా కొత్త ఫ్లాట్‌లో స్నానాల గది నీళ్లు హాల్లోకి వస్తున్నాయి. బిల్డర్ మీద ఉత్తరం రాసే ముందు ఆ పళ్లెం పెట్టి చూశాను. ఈసారి తప్పు బిల్డర్‌దే. ఉత్తరం ఒక్క పేజీకి మించలేదు. గది అడుగు మొత్తం తవ్వి మళ్లీ వేశారు. ఆ తర్వాత పళ్లెం ఇవ్వబుద్ధి కాలేదు. ఆమె దుకాణం మూసి దమ్మాయిగూడలో కూతురి దగ్గరికి వెళ్లింది. పోయిన వానాకాలంలో చావు కబురు తెలిసింది.

పదో రోజు పళ్లెం తోమి, సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఆమె కూతురు దాన్ని చేతిలోకి తీసుకుని, అంచు మీద పేరు తడిమి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "అమ్మ ముందే చెప్పిందన్నా. తెస్తే తీస్కోకు, వానికి అక్కరకొస్తది అన్నది. గని అడిగితే ఇయ్యలేదని మాత్రం యాది చెయ్యమన్నది."

నా మీద వచ్చిన ఫిర్యాదుల్లో నేను జవాబు రాయనిది అదొక్కటే.