తుమ్ముకి ఆగినవాళ్లు

ఛీ, ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. మంచుని తలుచుకుని కాదు, మనుషుల్ని తలుచుకుని.

కెనడాలోని వాటర్లూలో ఉద్యోగాలు మావి. ఈ చుట్టుపక్కల కొండలంటే పిల్లలు జారుడు ఆడుకునే దిబ్బలు. అందుకని మా ఆయనా, ఆయన టీమ్‌లో సీనియర్ ఒకాయనా, ఆ సీనియర్ తోడల్లుడూ, నేనూ విమానమెక్కి పడమటి కొండలకి వెళ్లాం. లిఫ్టులుండే చోటికి కాదు. స్కీల కింద జారకుండా పట్టీలు అంటించుకుని మన కాళ్లతో మనమే ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో కిందికి జారే చోటికి. సీనియర్ గారు అమెరికాలో ఉన్నప్పుడు తెగ స్కీయింగ్ చేశారట. ఆయన్ని అందరూ అన్నయ్యా అంటారు, ఆయన మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. మంచుచరియల నుంచి ఎలా తప్పించుకోవాలో నేర్పే అవలాంచ్ కోర్సు చేసింది మాత్రం నేనొక్కదాన్నే. మిగతావాళ్లకి టైమ్ కుదరలేదట.

బయల్దేరేముందు ఏం జరగొచ్చో అందరూ పైకి చెప్పుకోవాలనీ, ఒక్కరు వద్దన్నా ఆగిపోవాలనీ ఆ కోర్సులో మొదట నేర్పారు. ఆ రోజు మంచుచరియల హెచ్చరిక బులెటిన్ నేను చదివాను. శీతాకాలం మొదట్లో పడ్డ మంచు అడుగున పంచదారలా పొడిపొడిగా ఉండిపోయింది. దానిమీద గాలి తెచ్చిపోసిన మంచు పలకలా గట్టిపడింది. తుమ్మితే ఊడే ముక్కు అన్నమాట. మనిషి బరువు పడితే చాలు, పలక మొత్తం జారిపోతుంది. కారు దగ్గర బూట్లు బిగించుకుంటూ అదే చెప్పాను. చెట్లు లేని వాలు మీదకి వద్దు, వెళ్తే ఎవరో ఒకరం మంచులో కూరుకుపోతాం అన్నాను.

అన్నయ్య గారి మొహం మాడిపోయింది. "శుభమా అని బయల్దేరుతుంటే అవేం మాటలు చెల్లెమ్మా?" అన్నారు. మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు. సరిగ్గా అప్పుడే తోడల్లుడు తుమ్మాడు. అదీ ఒంటి తుమ్ము! అంతే, అందరూ మళ్లీ కారెక్కి కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు, కాసేపాగి దిగారు. బులెటిన్‌కి ఆగని ఇంజనీర్లు తుమ్ముకి ఆగారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ ఆ నీళ్లే తాగాను.

ఎక్కుతుంటే కాళ్ల కింద ధబ్బుమని శబ్దమొచ్చి మంచు కొద్దిగా కుంగింది. అడుగు పొర కూలుతున్న శబ్దం అది, వెనక్కి తిరుగుదాం అన్నాను. మంచు సర్దుకుంటోంది, మంచిదేగా అన్నారు అన్నయ్య గారు. వాలు పైకి చేరాక నేను చెట్లలోనే నిలబడిపోయాను. మా ఆయన చెయ్యి పట్టుకుని వెళ్లొద్దని బతిమాలాను. తను ఒకసారి నన్నూ, ఒకసారి అన్నయ్యనీ చూశాడు.

"బాగోదు" అన్నాడు.

ప్రాణం పోయినా ఫర్వాలేదు గానీ పెద్దాయన ముందు బాగోదు! అన్నయ్య గారు ముందు క్షేమంగా దిగిపోయారు. తర్వాత మా ఆయన. సగం దూరం వెళ్లేసరికి తన పైన మంచు గీత గీసినట్టు పగిలింది. వాలంతా కదిలి కిందికి పోయింది. అది ఆగాక చూస్తే మనిషి లేడు.

నేనూ, నా వెనకే తోడల్లుడూ చెట్ల అంచునే పడుతూ లేస్తూ దిగాం. మంచు కింద ఉన్నా సిగ్నల్ పంపే బీకన్ అందరం ఒంటికి కట్టుకున్నాం. నా బీకన్‌తో తన సిగ్నల్ వెతికి పట్టుకుని, కడ్డీతో పొడిచి చూస్తే మెత్తగా తగిలాడు. జారిన మంచు సిమెంటులా బిగుసుకుపోతుంది. నేను పారతో తవ్వుతుంటే తోడల్లుడు ఆ మంచు పక్కకి తోశాడు. అన్నయ్య గారు కళ్లు మూసుకుని దండకం చదువుతూ నిలబడ్డారు. ఆయన పార ఆయన వీపున సంచిలోనే ఉంది. మా ఆయన మొహం బయటపడేసరికి నీలంగా ఉంది. నోట్లో కూరుకుపోయిన మంచు వేలితో లాగాను. దగ్గాడు, నా మీదే కక్కుకున్నాడు. నాకేమీ అనిపించలేదు, బతికాడు చాలనుకున్నాను.

ఆస్పత్రికి వెళ్తున్నప్పుడు వెనక సీట్లో తన చేతులు నా చేతుల్లో పెట్టుకుని రుద్దుతున్నాను. డ్రైవ్ చేస్తున్న అన్నయ్య గారు అద్దంలోంచి చూసి, "ఏమనుకోకు చెల్లెమ్మా, పొద్దున్నే నీ నోటంట ఆ మాట రాకుండా ఉండాల్సింది" అన్నారు. పైన తథాస్తు దేవతలుంటారట. నాకు కోపం కూడా రాలేదు. మా ఆయన ఏదో ఒకటి అంటాడని చూశాను.

పళ్లు టకటకలాడుతుండగానే, "నేనూ అదే అనుకున్నా అన్నయ్యా" అన్నాడు.

అసహ్యం వేసింది. తన చేతులు వదిలేసి, నా చేతులు జాకెట్ జేబుల్లో పెట్టుకున్నాను.