పచ్చ వైరు

"మీటరు పెట్టి చూశావా?" అని నాన్నగారు అడిగినప్పుడు "చూశాను" అన్నాను. చూడలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీలో కూడా ఆ ఒక్క వాక్యం వదిలేసి మిగతాదంతా రాసుకున్నాను.

రాజమండ్రిలో నాన్నగారిది చిన్న టీవీ రిపేరు షాపు. ఈ రోజుల్లో టీవీలు బాగుచేయించుకునేవాళ్ళు తక్కువ. మిక్సీలు, రిమోట్లు, అప్పుడప్పుడు ఎవరి అటకమీదో దొరికిన పాత వీడియో గేములు వస్తుంటాయి. వాటిలో మెషిన్ కన్నా ముందు కేబుల్ పోతుంది. పోకపోయినా, పాత ప్లగ్గు కొత్త టీవీలో పట్టదు. కోసి వేరే ప్లగ్గులు అతకాలి. డిగ్రీ అయ్యాక ఆ పని నేనే చేయడం మొదలుపెట్టాను. కౌంటరు దగ్గర మనుషులతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. వెనక బల్ల దగ్గర వైర్లతో కూర్చుంటే మాట్లాడే పనే ఉండదు.

నాన్నగారి కంటి ఆపరేషన్‌కి ముందు రోజు, గోదావరి గట్టు దగ్గర చేపలమ్మే ఒకావిడ సంచిలో ఒక గేము మెషిన్ పట్టుకొచ్చింది. సంచి తీయగానే షాపంతా చేపల వాసన.

"వైరు ఎలక కొరికేసిందండి బాబూ. దొరికితే దాన్నే పులుసు పెట్టేద్దును. పాత టీవీ కూడా పోయిందండి. కొత్తదానికీ దీనికీ కుదరట్లేదు."

"రేపు నాకు కంటి ఆపరేషనండి. నాలుగైదు రోజులు ఆగాలి" అన్నారు నాన్నగారు.

అప్పుడావిడ గొంతు తగ్గించింది. "మా ఆయన పడవ మీంచి పడి నడుం పోగొట్టుకున్నాడండి. పన్లేదు కదా, తెల్లారిందంటే బ్రాందీ షాపే. మా తమ్ముడు గల్ఫు నుంచి తెచ్చి పడేసిన ఈ గేము దింపి ముందు పెట్టాను. ఆ కార్లు తోలుకోవడంలో పడి నాలుగు నెలలండి, చుక్క ముట్టలేదు. ఇప్పుడిది ఆగిపోయింది కదా, గుమ్మం వంకే చూస్తా కూర్చుంటున్నాడు."

"నాలుగో రోజుకల్లా మా అమ్మాయి చేసిస్తుందిలెండి. నేను పక్కనే ఉంటాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఈ పిల్లా? మాట్లాడదేంటండి, మూగదా?"

"మీలాంటివాళ్ళు సందిస్తేగా మాట్లాడ్డానికి" అని నాన్నగారు నవ్వారు. ఆవిడా పగలబడి నవ్వింది. నేను మాత్రం ఆ గుమ్మం, అటు చూస్తూ కూర్చున్న మనిషి గురించే ఆలోచిస్తున్నాను.

ఆ సాయంత్రమే నాన్నగారు కేబుల్ ఒలిచి, లోపల ఏ వైరు ఏమిటో మీటరుతో చూసి పెట్టుకున్నారు. కాగితం మీద రాయరు. అంతా మనసులోనే. ఇలాంటి కేబుళ్ళలో లోపలి వైరు రంగుకీ బయటి ప్లగ్గు రంగుకీ సంబంధం ఉండదు. చూసిన మనిషి చెబితే తప్ప తెలియదు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజున నల్లద్దాలు పెట్టుకుని షాపుకి వచ్చారు. వంగకూడదు, పొగ తగలకూడదు అని డాక్టరు చెప్పారట. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని చెబుతుంటే నేను అతకడం మొదలుపెట్టాను. ఆవిడ అప్పటికే వచ్చి, చేపల గంప మెట్టు మీద దించి, కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"నీలం వీడియో. ఎరుపు, తెలుపు సౌండు. పచ్చది గ్రౌండు, దాన్ని మూడు ప్లగ్గుల పైరేకులకీ కలుపు. ఇంకోటి మిగులుతుంది, అందులో కరెంటు వస్తుంది. దాన్ని దేనికీ తగలనివ్వకుండా టేపు చుట్టెయ్. తగిలిందా, మెషిన్ పోతుంది."

ఇంటి వైరింగులో పచ్చ వైరు ఎర్తుకే, అంటే గ్రౌండుకే, పోతుంది. అందుకని నాకు అనుమానమే రాలేదు. పచ్చ వైరుని రేకులకు అతికించాను. పసుపు రంగుది మిగిలింది, టేపు చుట్టాను.

అప్పుడే నాన్నగారు మీటరు సంగతి అడిగారు. గ్రౌండు వైరు ఏదో పెట్టి చూస్తే మీటరే చెబుతుంది. మీటరు కౌంటరు మీద, ఆవిడ మోచేతి పక్కనే ఉంది. అది తీసుకోవాలంటే ఆవిడ ముందుకి వెళ్ళాలి, "కాస్త జరగండి" అనాలి. ఆవిడ పెళ్ళి సంగతి అడుగుతుంది, ఎందుకు మాట్లాడవని అడుగుతుంది. మా మీటరు ముల్లుది. చప్పుడు చేయదు. కళ్ళు మూసుకున్న మనిషికి పెట్టానో లేదో తెలియదు. ఆ ఆలోచన వచ్చినంత త్వరగా "చూశాను" అనే మాట బయటికి వచ్చేసింది.

స్విచ్ వేశాను. మెషిన్ మీద ఎర్ర లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. సన్నగా కాలిన వాసన.

"ఏంటి, ఆరిపోయిందే?" అంది ఆవిడ.

నాన్నగారు కళ్ళు తెరిచారు. "ఏ వైరు కలిపావమ్మా గ్రౌండుకి?"

"పచ్చదే."

"పసుపు రంగుదేగా?"

"కాదు నాన్నగారూ. ఆకు రంగుది."

మా నాయనమ్మకీ, నాన్నగారికీ పచ్చ అంటే పసుపు రంగు. ఆకు రంగుని ఆకుపచ్చ అని నిండుగా అంటారు. బడికి వెళ్ళిన నాకేమో పచ్చ అంటే ఆకు రంగే. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు ఉండి, ఒక్కసారి కూడా ఈ తేడా మాకు అడ్డం రాలేదు.

"తప్పు నాదేనండి" అన్నారు నాన్నగారు ఆవిడతో. "మీటరు పెట్టి చూసినా తేడా కనపడలేదంటే, అసలు నేను చూసిందే తప్పేమో. కళ్ళు సరిగా లేవు కదా."

అప్పుడు నిజం చెప్పాలి. ఆవిడ తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. మెల్లగా మెట్టు మీద గంప పక్కన కూర్చుంది. "ఇవాళ తెచ్చేస్తానని ఆయనకి చెప్పొచ్చానండి" అంది. అంత పెద్ద గొంతు మనిషి అంత చిన్నగా అనేసరికి నాకు భయం ఇంకా పెరిగింది. చెప్పలేకపోయాను.

"మూత తియ్యమ్మా. అడాప్టరు గుచ్చే చోటు దగ్గర బియ్యపుగింజంత ఫ్యూజు ఉంటుంది. అదొక్కటే పోతే బతికినట్టే. లోపలి ఐసీ చిప్పు పోతే మాత్రం ఇంకెక్కడా దొరకదు."

ఈసారి వెళ్ళి మీటరు తెచ్చుకున్నాను. "జరగండి" అనకముందే ఆవిడ జరిగింది. ఫ్యూజుకి పెడితే ముల్లు కదల్లేదు. అది పోయింది. మిగతాదాని సంగతేమిటో తెలియదు. ఇంకో ఫ్యూజు వేశాను. ఆకుపచ్చది కోసి టేపు చుట్టి, పసుపుది అతికించాను. కరిగిన సీసం బొట్టు వేలి మీద పడింది. ప్రతి వైరుకీ రెండేసి సార్లు మీటరు పెట్టాను. స్విచ్ వేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"నేనేస్తాను లేవే" అని ఆవిడే వేసింది.

లైటు వెలిగింది. వెలుగుతూనే ఉంది. టీవీ నల్లగానే ఉండి, ఉండి, రోడ్డు వచ్చింది, రోడ్డు మీద ఎర్ర కారు వచ్చింది.

"వచ్చేశాడ్రా బాబూ మా వోడు!" అని ఆవిడ అరిచిన అరుపుకి పక్క టైలరు షాపులోంచి ఇద్దరు తొంగిచూశారు. వెళ్తూ నా తలమీద చెయ్యి పెట్టింది.

ఆవిడ వెళ్ళాక కూడా నాకు భయం పోలేదు. ఐసీ సగం కాలి ఉండి, రెండు రోజులకి ఆగిపోతేనో? ఆ మనిషి లేచి గుమ్మం దాటితేనో? వీధిలో చేపల కేక వినపడితే చాలు, వెనక గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. పసుపు వైరుతోనే మెషిన్ ఆడినా నాన్నగారికి తన చూపు మీద నమ్మకం పోయి, ఆ తర్వాత ఏ వైరు కొలిచినా "ఒకసారి నువ్వూ చూడమ్మా" అనడం మొదలుపెట్టారు. అన్న ప్రతిసారీ మీటరు రెండేసి సార్లు పెట్టి చూసేదాన్ని.

పది రోజుల తర్వాత నాన్నగారు కళ్ళ చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆవిడ వచ్చింది. గంప లేదు, సంచీ లేదు. షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎప్పుడూ లేనిది నేనే ముందు మాట్లాడాను.

"గేము... ఆడుతుందా అండి?"

"ఆయ్, ఆడుతుందమ్మా. బంగారంలా ఆడుతుంది. ఆయనే, ఇంటికి రాక మూడ్రోజులైంది. ఇటేపు గానీ వచ్చాడా? కుంటుతా నడుస్తాడు, నీలం గళ్ళ లుంగీ."

నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. తల అడ్డంగా ఊపాను. ఆవిడ వీధి చివరి దాకా ఒకసారి చూసి, మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"కనబడితే, గేము పెట్టే ఉంచానని చెప్పమ్మా."